కందకు మొలక వచ్చాకే గొయ్యి

వరి ఆకుమడిలో విత్తనం చల్లే ముందు ఏం చేస్తారో కోనసీమలో అందరికీ తెలుసు. వడ్లు ఒక రోజంతా నీళ్ళలో నానబెడతారు. నీళ్ళు వార్చి గోనె సంచిలో పోస్తారు. పైన గడ్డి కప్పి మరో రోజు ఉంచుతారు. దీన్నే మండె కట్టడం అంటారు. సంచి విప్పితే లోపల వెచ్చగా ఉంటుంది. గింజ గింజకూ తెల్లటి ముక్కు వచ్చి ఉంటుంది. అలా ముక్కు వచ్చిన గింజనే మడిలో చల్లుతారు.

కందకూ అదే మాట. మొలక వచ్చినదే భూమిలోకి వెళ్ళాలి. కానీ పద్ధతి వేరు. వరికి తడి కావాలి, వేడి కావాలి. కందకు తడి తగలకూడదు, వేడి తగలకూడదు. వరికి రెండు రోజులు చాలు. కందకు రెండు మూడు నెలలు పడుతుంది.

ఇంకో తేడా కూడా ఉంది. వడ్ల సంచి కాలవలో ముంచి తెచ్చేది ఎక్కువగా మగవాళ్ళు. కంద దుంపలు మాత్రం ఇంటి వసారాలోనో, పాకలోనో నెలల తరబడి ఉంటాయి. రోజూ వాటిని చూసేది, తిరగేసేది, కుళ్ళినవి ఏరి పారేసేది ఇంట్లో ఉండే ఆడవాళ్ళే. కాబట్టి కంద పంట సగం తోటలో పండితే, సగం వసారాలో పండుతుంది.

గౌతమి, వసిష్ఠ పాయల మధ్య, సముద్రం ఒడ్డున ఉన్న నేల కోనసీమ. మధ్యలో వైనతేయ పాయ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవ నీళ్ళు ఊరూరికీ వచ్చాయి. ఎటు చూసినా కొబ్బరి తోటలే. కొబ్బరి చెట్ల మధ్య ఖాళీ నేలను ఇక్కడి వాళ్ళు ఊరికే వదలరు. అరటి వేస్తారు, పసుపు వేస్తారు, కంద వేస్తారు. కందకు కొంచెం నీడ ఉన్నా ఫరవాలేదు. కొత్తపేట, రావులపాలెం, అంబాజీపేట చుట్టుపక్కల ఈ పంట తెలియని ఇల్లు ఉండదు. పెళ్ళి భోజనంలో కంద బచ్చలి కూర లేకపోతే వచ్చిన చుట్టాలు మూతి ముడుచుకుంటారు.

లెక్క చూస్తే భయం వేస్తుంది

కంద సాగులో పెద్ద ఖర్చు విత్తనానిదే. ఈ లెక్క ఒకసారి పలక మీద వేసి చూడాలి.

గొయ్యికీ గొయ్యికీ మధ్య మూడు అడుగులు, వరసకూ వరసకూ మధ్య మూడు అడుగులు అనుకుందాం. అప్పుడు ఎకరానికి 4,840 గోతులు పడతాయి. ఒక్కో గోతిలో అరకిలో ముక్క పెడితే 2,420 కిలోల విత్తనం కావాలి. అంటే 24 క్వింటాళ్ళ పైమాట. వరికి ఎకరానికి 20, 25 కిలోల వడ్లు చాలు. ఆ తేడా చూడండి.

ఎకరం అందరికీ ఉండదు. పది సెంట్లు కౌలుకు తీసుకున్న మనిషి లెక్క చూద్దాం. పది సెంట్లలో 484 గోతులు. 242 కిలోల విత్తనం. పదింటికి ఒక ముక్క కుళ్ళిందనుకుందాం. 48 గోతులు ఖాళీ. 24 కిలోల కంద మట్టిలో కలిసినట్టే. ఆ ఖాళీ గోతులకు తవ్విన కూలి, వేసిన పశువుల ఎరువు, కట్టిన కౌలు వెనక్కి రావు.

అరకిలో ముక్క పెడితే, పంట బాగుంటే రెండు, రెండున్నర కిలోల దుంప వస్తుంది. అంటే నాలుగు గంపలు తవ్వితే ఒక గంప మళ్ళీ విత్తనానికే పోతుంది. చాలా పంటల్లో విత్తనం ఇంత భాగం తినదు. అందుకే కంద విత్తనాన్ని పాడు చేసుకోవడం అంటే డబ్బు ఉన్న చెంగు ముడి విప్పి కాలవలో దులపడమే.

దుంప నిద్ర

కంద దుంపను చాలామంది వేరు అనుకుంటారు. అది వేరు కాదు. భూమిలో దాగి ఉన్న కాండం. పైన నిలబడి కాండంలాగా కనిపించేది నిజానికి ఆకు కాడ. ఆ కాడ చివర గొడుగులాగా విచ్చుకున్నది మొత్తం కలిపి ఒకే ఆకు. ఇంత లావు కాడ ఆకుకే అంటే మొదట నమ్మబుద్ధి కాదు.

ఎనిమిది తొమ్మిది నెలలు గడిచేసరికి ఆ గొడుగు పసుపు పచ్చగా మారి వాలిపోతుంది. ఆకు తయారు చేసిన ఆహారమంతా దుంపలోకి దిగిపోయి ఉంటుంది. అప్పుడు తవ్వుతారు. తవ్విన దుంప చచ్చిపోయింది కాదు. నిద్రపోతోంది. ఎండాకాలంలో వాన లేనప్పుడు మొలకెత్తితే ఎండిపోతానని ఆ మొక్కకు తెలుసు. అందుకని తడి తగిలినా, మట్టిలో పెట్టినా, నిద్ర తీరేదాకా లేవదు. ఈ నిద్ర సుమారు రెండు నెలలు. ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

దుంపను పైనుంచి చూస్తే నడుమ చిన్న గుంట ఉంటుంది. ఆ గుంటలో ఒక మొగ్గ ఉంటుంది. దాన్ని కన్ను అనుకుందాం. నిద్ర తీరాక ఆ కన్ను ఉబ్బుతుంది. పొరలు పొరలుగా కప్పుకున్న కొమ్ములాగా పైకి వస్తుంది. చుట్టూ చిన్న చిన్న కళ్ళు ఇంకా ఉంటాయి. కానీ నడిమి కన్ను లేచిందంటే మిగతావి లేవవు. ఇంటి పెద్ద మాట్లాడుతుంటే పిల్లలు నోరు మూసుకున్నట్టు ఉంటాయి. పెద్ద మొలక విరిగిపోతే అప్పుడు చిన్నవి లేస్తాయి. కానీ ఆలస్యంగా లేస్తాయి, బలం తక్కువగా ఉంటుంది.

ఇంకో విచిత్రం ఉంది. నాటిన ముక్క లావెక్కి కొత్త దుంప అవుతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. మొలకకు, వేళ్ళకు, ఆకుకు పాత ముక్కే ఆహారం పెడుతుంది. పెట్టి పెట్టి తను వడిలి ముడుచుకుపోతుంది. దాని మీద కొత్త దుంప తయారవుతుంది. కాబట్టి మొలకకు మొదటి అన్నం పాత ముక్క. ఆ ముక్క ఎండలో ఎండిపోయినా, కుళ్ళు పట్టినా మొలకకు తిండి ఉండదు.

ఇలా జరిగిందనుకుందాం

ఒక ఇంట్లో కొత్తగా వచ్చిన కోడలు ఉంది. పుట్టింట్లో వరి సాగు తప్ప కంద తెలియదు. అత్త పక్క ఊళ్ళో కూతురి పురిటికి వెళ్ళింది. వెళుతూ కంద విత్తనం జాగ్రత్త అని చెప్పింది. కోడలు జాగ్రత్తే చేసింది. దుంపలన్నీ ఒక మూల పోగు పెట్టింది. ఎండకు ఎండిపోతాయేమోనని తడి గోనెలు కప్పింది. రోజూ చెంబుడు నీళ్ళు చిలకరించింది.

పది రోజులకు అత్త వచ్చింది. గుమ్మంలో అడుగు పెట్టగానే వాసన వచ్చింది.

“ఏంటమ్మా ఇది? ఏదో కుళ్ళిన కంపు కొడతంది.”

“కందకి మండె కట్టానండి అత్తయ్యా. తొందరగా మొలకొస్తుందని.”

అత్త గోనె తీసింది. పై వరస బాగానే ఉంది. అడుగు వరసలో వేలు పెడితే లోపలికి దిగిపోయింది.

“వరిగింజ అనుకున్నావా తల్లీ? కందకి తడి తగిల్తే కుళ్ళిపోద్ది. దానికి గాలి కావాలి, నీళ్ళు కాదు.”

కోడలి తప్పు కాదు. ఒక పంటలో నేర్చుకున్న తెలివి ఇంకో పంటలో వాడింది. వడ్ల సంచిలో పుట్టే వేడి గింజను లేపుతుంది. కంద పోగులో పుట్టే వేడి దుంపను ఉడికిస్తుంది. దుంప కూడా ఊపిరి తీస్తుంది. ఊపిరి తీస్తున్నప్పుడు చెమ్మ వదులుతుంది, వేడి వదులుతుంది. ఒక్క దుంప విడిగా ఉంటే ఆ చెమ్మ గాలిలో కలిసిపోతుంది. నూరు దుంపలు పోగు పెడితే ఎటూ పోలేదు. అక్కడే బూజు పుడుతుంది.

నీడ, గాలి, ఒకే వరస

మరి విత్తనపు దుంపలు ఎలా ఉంచాలి? సంక్రాంతి తరవాత తవ్వారనుకుందాం. తవ్వేటప్పుడే సగం పని ఉంది. గునపం పోటు పడిన దుంప విత్తనానికి పనికి రాదు. అది కూరకు పోవాలి, లేదా వెంటనే అమ్ముకోవాలి. దుంపకు అంటిన మట్టిని చేత్తో దులపాలి. నీళ్ళతో కడగకూడదు. సంతకు పంపే దుంపను కడిగినా సరే, విత్తనపు దుంపను కడగొద్దు.

చోటు నీడలో ఉండాలి, గాలి ఆడాలి. తాటాకు పాక మంచిది. సిమెంటు రేకుల షెడ్డు ఎండాకాలంలో పొయ్యిలాగా కాలుతుంది. అది తప్ప వేరే చోటు లేకపోతే రేకుల మీద కొబ్బరి ఆకులు దట్టంగా పరవాలి. నేల మీద పొడి ఇసుక గానీ, కొబ్బరి పొట్టు గానీ పల్చగా పోసి దుంపలు పెట్టాలి. వెదురు తడక మీద పెడితే కింద నుంచి కూడా గాలి వస్తుంది, ఇంకా మంచిది. దుంప మీద దుంప పెట్టొద్దు. ఒకే వరసగా, కన్ను పైకి ఉండేట్టు పెట్టాలి. చోటు చాలదని కొందరు రెండు వరసలు పేరుస్తారు. పేర్చితే వారానికి ఒకసారి తిరగెయ్యక తప్పదు.

వారానికి ఒకసారి ప్రతి దుంపనూ చేత్తో నొక్కి చూడాలి. మెత్తబడినదాన్ని తీసెయ్యాలి. ఒకటి కుళ్ళితే పక్కది కూడా పోతుంది. దుంప మీద తెల్లటి దూదిలాగా కనిపిస్తే అది పిండినల్లి. ఆ పురుగు మొలక దగ్గర చేరి రసం పీలుస్తుంది. అలాంటి దుంపను వేరుగా పెట్టి పొడి గుడ్డతో తుడవాలి. బాగా పట్టి ఉంటే విత్తనంలోంచి తీసెయ్యడమే మేలు.

మార్చి నెల చివరికల్లా కొన్ని దుంపల్లో కన్ను ఉబ్బడం కనిపిస్తుంది. ఏప్రిల్లో ఇంకొన్ని. అన్నీ ఒకేసారి లేవవు. ఇక్కడే అసలు సంగతి ఉంది. లేచినవి, లేవనివి కలిపి ఒకే రోజు పాతేస్తే తోటలో గోల మొదలవుతుంది. ఒక గోతిలో గొడుగు విచ్చుకుంటుంది. పక్క గోతిలో ఇంకా మట్టి కూడా పగలదు. ముందు లేచిన మొక్క నీడ వెనక లేచిన దాని మీద పడుతుంది. కలుపు తీసేటప్పుడు కనపడని మొలకకు పార తగిలి తెగిపోతుంది. తవ్వే నాటికి ఒకటి ముదిరి ఉంటుంది, ఇంకొకటి లేతగా ఉంటుంది. వ్యాపారి లేత దుంపకు ధర తగ్గిస్తాడు.

అందుకని ఉబ్బినవి ఒక పక్క, ఇంకా నిద్రలో ఉన్నవి ఒక పక్క పెట్టాలి. ఉబ్బినవి ముందు పాతాలి. మిగతావి లేచాక పాతాలి. నాటడానికి ఏప్రిల్ నుంచి జూన్ దాకా వీలుంది కాబట్టి ఈ వెనకాముందులకు తొందరేమీ లేదు.

బంగాళదుంపకు వెలుతురు, కందకు నీడ

కోనసీమలో బంగాళదుంప పండదు. దానికి రాత్రిపూట చలి కావాలి. ఇక్కడి సంతల్లో దొరికే బంగాళదుంప చాలావరకు ఆగ్రా లాంటి దూర ప్రాంతాల నుంచి లారీల్లో వస్తుంది. కానీ ఆ రైతులు విత్తనం విషయంలో చేసే పని తెలుసుకుంటే కంద పని ఇంకా బాగా అర్థమవుతుంది.

బంగాళదుంప విత్తనాన్ని వాళ్ళు చల్లటి గిడ్డంగుల్లో దాస్తారు. చలిలో అది మొలకెత్తదు. నాటడానికి పది, పదిహేను రోజుల ముందు బయటికి తీసి, నీడలో పల్చగా పరుస్తారు. ఎండ పడని చోట, కానీ వెలుతురు ఉన్న చోట. చీకట్లో పెడితే మొలకలు తెల్లగా, దారాల్లాగా పొడుగ్గా సాగుతాయి. ముట్టుకుంటే విరిగిపోతాయి. వెలుతురులో పెడితే మొలక పొట్టిగా, లావుగా, ఆకుపచ్చగా వస్తుంది. అరంగుళం మొలక వచ్చాక నాటుతారు. అలా నాటినది భూమిలో ఎదురు చూడదు. వెంటనే వేరు పట్టుకుంటుంది. చలి దేశాల్లో గుడ్లు పెట్టే అట్టపెట్టెల్లో ఒక్కో గుంటలో ఒక్కో దుంపను నిలబెట్టి కిటికీ పక్కన పెడతారు. ఇంట్లో వాళ్ళు రోజూ చూసుకుంటారు. అక్కడా అది వసారా పనే.

వెలుతురులో పచ్చబడిన బంగాళదుంపను మాత్రం కూర వండకూడదు. అందులో విషం పుడుతుంది. బజారులో కొన్న బంగాళదుంప పచ్చగా కనిపించినా అంతే, ఆ పచ్చ భాగం లోతుగా తీసెయ్యాలి. ఎక్కువ పచ్చబడితే పారెయ్యాలి.

కంద మొలక మీద పొరలు ఉంటాయి. దానికి అంత వెలుతురు అక్కర్లేదు. నీడ, గాలి ఉంటే చాలు. రెండు పంటల్లోనూ ఒకే సంగతి: నిద్ర లేవడం మట్టి బయట, కళ్ళ ముందు జరగాలి. బయట జరిగితే ఏది బతికింది, ఏది చచ్చింది కనపడుతుంది. మట్టిలో జరిగితే నెలన్నర దాకా తెలియదు. ఎందుకంటే మామూలుగా పాతిన కంద పైకి రావడానికి 35 నుంచి 45 రోజులు పడుతుంది. అప్పుడు ఖాళీ గొయ్యి చూసుకుని ఏడ్చినా విత్తనం దొరకదు. దొరికినా ధర మండిపోతుంది.

కొయ్యడం

చిన్న దుంప దొరికితే కొయ్యకుండా అలాగే పాతడం అన్నిటికన్నా మంచిది. గాయం లేనిదానికి కుళ్ళు తక్కువ. కానీ రెండు కిలోల దుంపను గోతిలో పెట్టే స్తోమత ఎవరికి ఉంది? కొయ్యక తప్పదు.

కొయ్యడంలో ఒక్క మాట గుర్తు పెట్టుకోవాలి. ప్రతి ముక్కకూ నడిమి కంట్లో వాటా రావాలి. గుండ్రటి రొట్టెను నడుమ నుంచి అంచుకు కోసినట్టు కొయ్యాలి. రెండు కిలోల దుంప నాలుగు ముక్కలవుతుంది. అడ్డంగా బిళ్ళలుగా కోస్తే పై బిళ్ళకే కన్ను వస్తుంది. కింది బిళ్ళలు మొలకెత్తినా చాలా ఆలస్యం. అందుకే మొలక బాగా పొడుగు రాకముందే, కన్ను ఉబ్బడం మొదలవగానే కొయ్యాలి. కొమ్ము పొడుగ్గా వచ్చాక కోస్తే అది ఒక ముక్కకే పోతుంది, లేదా విరుగుతుంది.

కోసేటప్పుడు చేతులు దురద పెడతాయి. కందలో కంటికి కనపడనంత చిన్న సూదుల్లాంటి పలుకులు ఉంటాయి. అవి చర్మంలో గుచ్చుకుంటాయి. చేతులకు ముందే కొబ్బరినూనె రాసుకుంటే కొంత నయం. ప్లాస్టిక్ కవరు తొడుక్కుంటే ఇంకా నయం. దురద పుట్టాక చింతపండు రసం రుద్దుకుంటారు. కళ్ళు మాత్రం నలుపుకోకూడదు. పసిపిల్లలను దగ్గరికి రానివ్వకూడదు. “కందకు లేని దురద కత్తిపీటకెందుకు” అని సామెత చెప్పినవాళ్ళు ఎప్పుడూ వంద దుంపలు కోసి ఉండరు.

ఆ దురద తక్కువగా ఉన్న రకం కూడా గోదావరి నేల నుంచే వచ్చింది. కొవ్వూరు ప్రాంతపు నాటు కందల్లోంచి మంచిదాన్ని ఏరి, 1991లో గజేంద్ర అనే పేరుతో విడుదల చేశారు. ఇప్పుడు బీహారు, పశ్చిమ బెంగాల్ వంటి రాష్ట్రాల్లోనూ అదే సాగవుతోంది. గోదావరి రైతులు ఇంటి పెరట్లో పెంచుకున్న దుంప అంత దూరం వెళ్ళింది.

కోసిన ముక్క పచ్చి గాయం లాంటిది. వెంటనే పాతితే మట్టిలోని బూజు ఆ గాయంలోంచి లోపలికి పోతుంది. అందుకని చిక్కటి పేడనీళ్ళలో ముంచి తీస్తారు. ఇది పాత అలవాటే. ఇప్పుడు దానికి ట్రైకోడెర్మా అనే పొడిని కలపమంటున్నారు. ఇదీ ఒక బూజే. కానీ మంచి బూజు. చెడ్డ బూజును పెరగనివ్వదు. కిలో విత్తనానికి 5 గ్రాములు చొప్పున కలపాలి. పది సెంట్లకు 242 కిలోల విత్తనం కదా. 242ను 5తో హెచ్చిస్తే 1,210 గ్రాములు. అంటే కిలో పావుకు కొంచెం తక్కువ. కొబ్బరి తెగుళ్ళకు ట్రైకోడెర్మా వాడమని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం చెబుతూ వచ్చింది కాబట్టి ఈ పేరు కోనసీమ రైతులకు కొత్త కాదు. ఇది బతికి ఉన్న పొడి. ఎండలో పెట్టకూడదు. బూజు మందులతో కలిపితే చచ్చిపోతుంది.

పేడలో ముంచిన ముక్కలను నీడలో ఆరబెట్టాలి. కోసిన వైపు పైకి పెట్టాలి. ఒకటి రెండు రోజుల్లో కోసిన చోట పొర కడుతుంది. వేలితో తాకితే జిగట లేకుండా గట్టిగా ఉండాలి. అప్పుడు పాతడానికి సిద్ధం.

కొందరు ఇప్పటికీ విత్తనాన్ని ఘాటు పురుగుమందుల్లో ముంచుతారు. పాత పుస్తకాల్లో మోనోక్రోటోఫాస్ పేరు కనిపిస్తుంది. దాన్ని కూరగాయల పంటల్లో వాడడాన్ని 2005లోనే ప్రభుత్వం నిషేధించింది. వట్టి చేతులతో ఆ నీళ్ళలో దుంపలు ముంచేది ఎవరు? కూలికి వచ్చిన ఆడవాళ్ళే. ఏ మందు పెట్టినా సరే, ఆ ముక్కలు మళ్ళీ వంటింట్లోకి రాకూడదు. కూర కంద ఒక చోట, విత్తనం కంద ఇంకో చోట ఉండాలి.

విత్తనం ఎవరి దగ్గర తీసుకోవాలి

మొలక ఎంత బాగా తెచ్చినా, దుంపలో రోగం ఉంటే లాభం లేదు. దుంపను చూసి రోగం చెప్పడం కష్టం. ఆకును చూస్తే చెప్పవచ్చు. కానీ విత్తనం కొనేనాటికి ఆకు ఉండదు. అందుకే ఆకు పచ్చగా ఉన్నప్పుడే, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో తోటలో తిరగాలి. ఆకు మీద పసుపు మచ్చలు పడి ముడుచుకుపోతే అది వైరస్ తెగులు. అది విత్తనంలో కూడా వెళుతుంది. కాడ మొదలు కుళ్ళి మొక్క పడిపోయి, అక్కడ తెల్లటి దారాలు, ఆవగింజల్లాంటి గుళ్ళు కనిపిస్తే అది మొదలు కుళ్ళు. ఈ రెండూ లేని మంచి మొక్కల పక్కన కొబ్బరి ఈనె గుచ్చి గుర్తు పెట్టుకోవాలి. తవ్వేటప్పుడు ఈనె ఉన్నవే విత్తనానికి తీసిపెట్టాలి. ఖర్చు లేని పని ఇది. అయినా చేసేవాళ్ళు తక్కువ, ఎందుకో మరి.

డబ్బు పెట్టి 242 కిలోలు కొనలేని మనిషికి ఇంకో దారి ఉంది. తిరువనంతపురంలో దుంప పంటల మీద పని చేసే కేంద్ర పరిశోధనా సంస్థ ఒకటి ఉంది. 1963లో పెట్టారు. వాళ్ళు చిన్న ముక్కల పద్ధతి చెప్పారు. దుంపను వంద గ్రాముల ముక్కలుగా కోస్తారు. ప్రతి ముక్కకూ కంట్లో కొంచెం వాటా ఉండేట్టు చూస్తారు. వాటిని దగ్గర దగ్గరగా, రెండు అడుగులకు ఒకటిన్నర అడుగుల ఎడంలో పాతుతారు. తవ్వేనాటికి చిన్న దుంపలే వస్తాయి. వాటిని అమ్మకూడదు. మరుసటి ఏడాది కొయ్యకుండా అలాగే విత్తనంగా పాతాలి. పది కిలోల కందకు నూరు ముక్కలు వస్తాయి. పెరట్లో నూరు ముక్కలకు సెంటు నేల కూడా అక్కర్లేదు. ఒక ఏడాది ఓపిక పడితే విత్తనం కోసం షావుకారు గుమ్మం ఎక్కే పని తగ్గుతుంది. డ్వాక్రా సంఘంలో నలుగురు కలిసి ఒకరి పెరట్లో ఇలా చేసుకోవచ్చు.

గోతిలో

గొయ్యి అడుగు లోతు, అడుగున్నర వెడల్పు తవ్వి, పశువుల ఎరువు మట్టితో కలిపి నింపుతారు. ముక్కను మొలక పైకి ఉండేట్టు పెడతారు. మొలక మీద మట్టి నాలుగు వేళ్ళ మందం చాలు. గట్టిగా తొక్కకూడదు. మొలక కొన విరిగితే ఇన్నాళ్ళ కాపలా వృథా. గంపలో ముక్కలు తోటకు తీసుకెళ్ళేటప్పుడు కూడా అంతే. అడుగున గడ్డి పరిచి, ఒక్క వరసే పెట్టి మొయ్యాలి. నాలుగు సార్లు తిరగాల్సి వచ్చినా సరే.

పైన ఎండుగడ్డి గానీ, కొబ్బరి మట్టలు గానీ కప్పాలి. రోహిణీ కార్తెలో ఎండలు మండేటప్పుడు కప్పు లేని గోతిలో మొలక మాడిపోతుంది. కప్పు ఉంటే నేల చల్లగా ఉంటుంది, కలుపు కూడా తగ్గుతుంది. మొలకెత్తిన ముక్క నాటితే జూన్ వానలకు ముందే గొడుగు విచ్చుకుంటుంది. గొడుగుల నీడ కలిసిపోతే కింద కలుపు పెరగదు. కలుపు కూలి ఒకటి తగ్గింది అంటే ఆ డబ్బు ఇంట్లో ఉన్నట్టే.

లంక భూముల సంగతి వేరు. గోదావరికి వరద వస్తే ఏ మొలకా ఆదుకోదు. 1986 ఆగస్టులో వచ్చిన వరద, 2022 జూలైలో వచ్చిన వరద లంక ఊళ్ళను ముంచాయి. నీళ్ళు నిలబడితే కంద భూమిలోనే కుళ్ళిపోతుంది. లంకలో కౌలుకు వేసేవాళ్ళు విత్తనం అంతా అక్కడే పెట్టకుండా, మిట్ట మీద పెరట్లో నాలుగు వరసలు వేసుకుంటే మరుసటి ఏటికి విత్తనమైనా మిగులుతుంది.

నాటేటప్పుడు నూటికి అయిదు ముక్కలు మిగుల్చుకోవాలి. వాటిని పెరట్లో ఒక మూల, పొడి మట్టిలో దగ్గర దగ్గరగా పెట్టుకోవాలి. తోటలో ఎక్కడైనా గొయ్యి ఖాళీగా కనిపిస్తే, ఈ మొలకను మట్టితో సహా పెళ్ళగించి అక్కడ పెట్టవచ్చు. నెల గడిచాక పెడితే మాత్రం పక్క మొక్కల నీడలో అది ఎదగదు. అప్పటికీ మిగిలిన ముక్కలు ఉంటే, మందు పెట్టనివైతే, మొలక ఉన్న చోటు లోతుగా చెక్కేసి బచ్చలితో కలిపి వండుకోవచ్చు. పులుపు కొంచెం ఎక్కువ వెయ్యాలి. మొలకెత్తిన కంద మామూలు కంద కన్నా దురద పెడుతుంది.